జేబులో ఇమిడే ఫిల్ము కెమెరా: ఎంపిక

35 మి.మీ. ఫిల్ము మీద పడే బొమ్మ 24 మి.మీ. ఎత్తు, 36 మి.మీ. వెడల్పు ఉంటుంది. ఆ బొమ్మకు ఒక పక్క ఫిల్ము డబ్బా ఉండాలి. దాని అడ్డుకొలత సుమారు 25 మి.మీ. రెండో పక్క, తీసిన ఫిల్మును చుట్టుకునే కండె ఉండాలి. దానికీ దాదాపు అంతే చోటు పడుతుంది. మూడూ కలిపితే 86 మి.మీ. గోడలకూ పళ్లచక్రాలకూ ఇంకొంత చేరిస్తే పది సెంటీమీటర్ల దగ్గరకు వస్తుంది. అందుకే జేబులో పట్టే 35 మి.మీ. కెమెరాలన్నీ, ఏ కంపెనీ ఏ దశాబ్దంలో చేసినా, ఇంచుమించు ఒకే వెడల్పులో ఉంటాయి. 1966లో జర్మనీలో వచ్చిన రోలై 35 వెడల్పు 97 మి.మీ., 1979 నాటి ఒలింపస్ ఎక్స్‌ఏ వెడల్పు 102 మి.మీ., 1997 నాటి ఒలింపస్ మ్యూ-2 వెడల్పు 108 మి.మీ. వెడల్పును ఫిల్మే నిర్ణయించేసింది. తయారుచేసేవారికి తగ్గించే వీలున్నది ప్రధానంగా మందమే.

మందం తగ్గడానికి మొదటి కారణం కెమెరా లోపల అద్దం లేకపోవడం. ఎస్‌ఎల్ఆర్ కెమెరాలో లెన్స్‌కూ ఫిల్ముకూ మధ్య ఒక అద్దం లేచి పడుతూ ఉండాలి. దానికోసం నికాన్ ఎస్‌ఎల్ఆర్‌లలో లెన్స్ బిగించే అంచు నుంచి ఫిల్ము దాకా 46.5 మి.మీ. దూరం ఉంచారు. జేబు కెమెరాలో ఆ అడ్డు లేదు కనుక లెన్స్ వెనక కొస ఫిల్ముకు బాగా దగ్గరగా రావచ్చు. ఈ సౌలభ్యాన్ని పూర్తిగా వాడుకున్న ఇంజనీరు ఒలింపస్ కంపెనీకి చెందిన యోషిహిసా మైతాని. 1959లో సగం ఫ్రేముతో పనిచేసే పెన్ కెమెరాను రూపొందించిన ఆయనే ఇరవై ఏళ్ల తర్వాత ఎక్స్‌ఏను రూపొందించారు. కాంతిని దగ్గరకు చేర్చే కటకాలను ముందు, కాస్త విప్పార్చే కటకాన్ని వెనక అమర్చడం వల్ల ఎక్స్‌ఏ లెన్స్ ముందు అంచు నుంచి ఫిల్ము దాకా ఉన్న దూరం దాని నాభ్యంతరమైన 35 మి.మీ. కన్నా తక్కువకు దిగింది. రోలై 35ను రూపొందించిన హైన్జ్ వాస్కే వేరే దారి పట్టారు. అందులో లెన్స్‌ను చేత్తో బయటకు లాగి ఫొటో తీయాలి, పని అయ్యాక మళ్లీ లోపలికి నెట్టాలి.

రోలై 35లో దూరం, వెలుతురు అన్నీ మనిషే అమర్చాలి. గురిపెట్టి నొక్కితే చాలు అన్న రకం కెమెరాలు ఆ పనులను ఒక్కొక్కటిగా మనిషి చేతిలోంచి తీసుకున్నాయి. దూరం ఎంత, ఎంత వెలుతురు లోపలికి రానివ్వాలి, ఫ్లాష్ వెలగాలా వద్దా అన్న మూడు నిర్ణయాలను యంత్రం చేస్తుంది. వీటిలో దేన్ని యంత్రానికి వదలవచ్చో, దేన్ని వదలకూడదో తేల్చుకున్నాకే ఏ కెమెరా అన్న ప్రశ్నకు అర్థం వస్తుంది. బేరం దగ్గర అందరూ లెన్స్ పేరే అడుగుతారు. కానీ ఈ కెమెరాలతో తీసిన ఫొటోలు చెడితే, ఎక్కువ సార్లు చెడేది దూరం లెక్క తప్పడం వల్ల. అందుకే ఎంపిక అక్కడి నుంచి మొదలుకావాలి.

దూరం

అన్నిటికంటే చవకైన పద్ధతి దూరాన్ని అసలు కొలవకపోవడం. లెన్స్ నాభ్యంతరాన్ని, కాంతి లోపలికి వచ్చే రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకెను ఎఫ్ సంఖ్య అంటారు. రంధ్రం చిన్నదయ్యేకొద్దీ ఈ సంఖ్య పెరుగుతుంది, స్పష్టంగా కనిపించే దూరాల పరిధీ పెరుగుతుంది. 31 మి.మీ. లెన్స్‌కు ఎఫ్/10 రంధ్రం పెట్టి, 3.2 మీటర్ల దూరానికి శాశ్వతంగా బిగించేస్తే 1.6 మీటర్ల నుంచి అనంతం దాకా ఉన్నదంతా మామూలు ప్రింటులో స్పష్టంగానే కనిపిస్తుంది. వాడి పారేసే కెమెరాలు ఈ లెక్క మీదే నడుస్తాయి. మన ఇళ్లలో 1990లలో పెళ్లిళ్లకూ తీర్థయాత్రలకూ వెంట వెళ్లిన కొడాక్ కేబీ-10, యాషికా ఎంఎఫ్-2 లాంటివీ స్థిర ఫోకస్ కెమెరాలే. అందుకే వాటితో గుడి ముందు నిలబడి తీసుకున్న ఫొటో బాగానే వచ్చేది. పసిపిల్ల ముఖం దగ్గరకు వెళ్లి తీస్తే మాత్రం మసకగా వచ్చేది. కెమెరా చెడిపోయి కాదు, ఆ దూరం దాని లెక్కలో లేదు కాబట్టి.

రెండో పద్ధతిలో దూరాన్ని మనిషి అంచనా వేసి, దగ్గర, దూరం లాంటి మండలాల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. 1967లో మొదలై 1980ల దాకా అమ్ముడైన ఒలింపస్ ట్రిప్ 35లో లెన్స్ చుట్టూ నాలుగు బొమ్మలుంటాయి. ఒక మనిషి తల నుంచి కొండ దాకా వాటిలో ఒకదాని దగ్గరకు తిప్పాలి. 1980 నాటి ఎక్స్‌ఏ-2లో మూడే మండలాలు. మూత మూసినప్పుడల్లా మీట తనంతట తాను మధ్య మండలానికి వచ్చేస్తుంది. మూత తెరిచి వెంటనే నొక్కినా నాలుగంగల అవతల ఉన్న మనిషి స్పష్టంగా పడే అవకాశమే ఎక్కువ. మోటారు తిరిగే ఆలస్యం లేదు, యంత్రం పొరబడే భయం లేదు. వీధిలో నడుస్తూ ఫొటోలు తీసేవారికి ఇంత చిన్న ఏర్పాటు ఇచ్చే ధీమాను ఖరీదైన ఆటోఫోకస్ కెమెరాలు చాలావరకు ఇవ్వలేవు. అసలు ఎక్స్‌ఏలో ఉన్నది రేంజ్‌ఫైండర్. చూసే కిటికీలో రెండు బొమ్మలు కనిపిస్తాయి, మీట జరిపితే ఒకదాని మీదికి ఒకటి వస్తుంది. ఖచ్చితమైనదే కానీ ప్రతి ఫొటోకూ ఆగి సరిచూసుకోవాలి.

మూడోది ఆటోఫోకస్. జనం కొనుక్కోగలిగేలా పెద్ద ఎత్తున తయారైన మొదటి ఆటోఫోకస్ కెమెరా 1977 నాటి కోనికా సీ35 ఏఎఫ్. అమెరికాకు చెందిన హనీవెల్ సంస్థ తయారుచేసిన విజిట్రానిక్ అనే పరికరం దాని గుండె. రెండు చిన్న కిటికీల్లోంచి వచ్చే బొమ్మలను అది పోల్చి చూసి, రెండూ ఏకమయ్యే కోణాన్ని బట్టి దూరాన్ని లెక్కగట్టేది. పోల్చడానికి బొమ్మలో వెలుగునీడల తేడా ఉండాలి. తెల్లగోడ ముందు, చీకటి గదిలో అది తడబడేది. రెండేళ్ల తర్వాత 1979లో కానన్ ఏఎఫ్35ఎం ఈ కొరతను తీర్చింది. కెమెరాయే ఒక కిటికీలోంచి పరారుణ కిరణాన్ని పంపి, అది ఎదుటి వస్తువుకు తగిలి తిరిగొచ్చే కోణాన్ని రెండో కిటికీ దగ్గర కొలుస్తుంది. వేలిని ముక్కు దగ్గరకు తెచ్చుకుంటే రెండు కళ్లూ లోపలికి తిరుగుతాయి, దూరం జరిపితే తిన్నగా అవుతాయి. ఈ లెక్కా అలాంటిదే. రెండు కిటికీల మధ్య దూరం తెలుసు, కోణం తెలిసింది, మిగిలిన భుజం త్రిభుజం లెక్కలో దొరికిపోతుంది.

ఈ పద్ధతి ఎక్కడ విఫలమవుతుందో తెలిస్తే కెమెరా మీద సగం ఫిర్యాదులు పోతాయి. రైలు కిటికీ గాజు వెనక నుంచి పొలాలను తీస్తే పరారుణ కిరణం గాజుకే తగిలి తిరిగి రావచ్చు, కెమెరా గాజు దూరానికే అమరుతుంది. నల్లటి కోటు కిరణాన్ని పీల్చేసుకుంటే వస్తువు ఎక్కడో దూరాన ఉందనుకుంటుంది. కొన్ని కెమెరాల్లో కొండ గుర్తున్న మీట ఉంటుంది. అది నొక్కితే ఫోకస్ అనంతానికి బిగుస్తుంది, గాజు వెనక నుంచి తీయడానికి అదే మార్గం. అన్నిటికంటే తరచుగా జరిగే పొరపాటు ఇద్దరి ఫొటోలో వస్తుంది. కిరణం ఇద్దరి మధ్య సందులోంచి వెళ్లి వెనక గోడను తాకుతుంది. గోడ సూదిమొనలా వస్తుంది, మనుషులు మసకబారతారు. బటన్‌ను సగం నొక్కి ఒకరి ముఖం మీద ఫోకస్ బిగించి, ఆ పట్టు వదలకుండా కెమెరాను మళ్లీ మధ్యకు తిప్పి పూర్తిగా నొక్కడమే దీనికి విరుగుడు. సగం నొక్కినప్పుడు ఫోకస్ బిగిసే ఏర్పాటు ఉందో లేదో కొనేముందే చూడాలి. మ్యూ-2 లాంటి తర్వాతి తరం కెమెరాలు ఒకటికి మించి కిరణాలు పంపి ఈ పొరపాటును తగ్గించాయి, కానీ పూర్తిగా తీసేయలేదు.

వెలుతురు ఎంత ఉందన్నది కూడా ఇక్కడే తేడా చూపుతుంది. 35 మి.మీ. లెన్స్‌ను రెండు మీటర్లకు ఫోకస్ చేస్తే, ఎఫ్/8 దగ్గర సుమారు 1.4 మీటర్ల నుంచి 3.3 మీటర్ల దాకా స్పష్టంగా ఉంటుంది. ఎఫ్/2.8 దగ్గర ఆ పరిధి 1.75 నుంచి 2.3 మీటర్లకు కుదించుకుపోతుంది. ఎండలో యంత్రం కాస్త పొరబడినా తెలియదు. సాయంత్రం గదిలో పొరబడితే దాచలేం. రంధ్రం పెద్దదని ఎక్కువ డబ్బు పెట్టి కొన్న కెమెరాకు ఆటోఫోకస్ కూడా అంత నమ్మకంగా ఉండాలన్నది దీని అర్థం.

వెలుతురు

జేబు కెమెరాలో చాలావరకు షట్టరూ అపర్చరూ ఒకటే. రెండు మూడు పలుచని లోహపు రెక్కలు తెరుచుకుంటూ పోతాయి. ఎంతవరకు తెరుచుకున్నాయన్నది రంధ్రం పరిమాణం, ఎంతసేపు తెరిచి ఉన్నాయన్నది సమయం. వెలుతురు ఎక్కువైతే రెక్కలు కొద్దిగా విచ్చుకుని వెంటనే మూసుకుంటాయి. తక్కువైతే పూర్తిగా తెరుచుకుని ఆగుతాయి. ఏ వెలుతురుకు ఏ జత అన్నది తయారీలోనే రాసేశారు. వాడేవారి చేతిలో ఉన్న ఒకే ఒక్క పిడి ఫిల్ము వేగం, అంటే ఫిల్ము కాంతికి ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే ఐఎస్ఓ అంకె.

ఆ వేగాన్ని కెమెరా తనంతట తెలుసుకునేందుకు కొడాక్ 1983లో డీఎక్స్ కోడ్ ప్రవేశపెట్టింది. ఫిల్ము డబ్బా మీద కనిపించే వెండి, నలుపు గళ్లు అవే. ఒక్కో వరుసకు ఆరు చొప్పున రెండు వరుసల్లో పన్నెండు గళ్లుంటాయి. కెమెరా లోపలి లోహపు ముళ్లు వాటిని తాకి, ఎక్కడ విద్యుత్తు పారుతోందో చూసి వేగం పసిగడతాయి. పై తరగతి కెమెరాలు వేగాన్ని తెలిపే గళ్లన్నిటినీ చదువుతాయి. మ్యూ-2 అయితే ఐఎస్ఓ 50 నుంచి 3200 దాకా గుర్తిస్తుంది. చవక కెమెరాల్లో ఒకటి రెండు ముళ్లే ఉండి 100, 400 అన్న రెండింటినే గుర్తుపట్టేవీ ఉన్నాయి. కోడ్ లేని డబ్బాను చాలా కెమెరాలు ఐఎస్ఓ 100గా భావిస్తాయి. సినిమా ఫిల్మును ముక్కలు చేసి చిన్న డబ్బాల్లో చుట్టి అమ్మే రీళ్లకు తరచుగా కోడ్ ఉండదు. అలాంటి రీలును కొనేముందు దాని వెనక రెమ్‌జెట్ అనే నల్లటి పొర ఉందేమో కూడా అడగాలి. ఆ పొర ఉన్న ఫిల్మును మామూలు కలర్ నెగటివ్ యంత్రంలో కడిగితే మసి ఊడి రసాయనాలను పాడుచేస్తుంది, ల్యాబులు తీసుకోవు.

కలర్ నెగటివ్ ఫిల్ము ఎక్కువ వెలుతురును బాగా ఓర్చుకుంటుంది, తక్కువ వెలుతురును ఓర్చుకోదు. రెండు మూడు స్టాపులు ఎక్కువ పడినా మంచి ప్రింటు వస్తుంది. రెండు స్టాపులు తగ్గితే నీడలన్నీ బురదరంగుకు తిరుగుతాయి. స్టాపు అంటే వెలుతురు రెట్టింపు కావడం లేదా సగమవడం. మన నడినెత్తి ఎండలో సరైన ఎక్స్‌పోజర్ ఎఫ్/16 దగ్గర, సెకనులో ఐఎస్ఓ అంకె వంతు. ఒకే రంధ్రం ఎఫ్/10, ఒకే వేగం 1/125 సెకను ఉన్న స్థిర కెమెరాలో ఐఎస్ఓ 400 ఫిల్ము వేసి ఆ ఎండలో తీస్తే దాదాపు మూడు స్టాపులు ఎక్కువ పడుతుంది. ఫిల్ము నెట్టుకొస్తుంది, కానీ ఆ కెమెరాకు ఐఎస్ఓ 200 మేలు. వెలుతురును కొలిచే కెమెరాకు మాత్రం 400 వేయడమే మంచిది. ఎండలో రెక్కలు కాస్త మూసుకుని స్పష్టత పరిధి పెరుగుతుంది, ఐఎస్ఓ 100తో పోలిస్తే గదిలో రెండు స్టాపులు కలిసొస్తాయి, ఫ్లాష్ రెట్టింపు దూరం పోతుంది. స్లైడ్ ఫిల్ముకు అర స్టాపు తప్పినా తెలిసిపోతుంది కనుక మీటర్ మీద పూర్తి నమ్మకం ఉంటే తప్ప జేబు కెమెరాలో వేయకపోవడమే క్షేమం.

మీటర్‌కు శక్తి ఎక్కడిదన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ పాత కెమెరా కొనేటప్పుడు ముఖ్యమైనది. ట్రిప్ 35లో లెన్స్ చుట్టూ బుడిపెల గాజు కింద ఉన్నది సెలీనియం ఘటం. వెలుతురు పడితే అదే విద్యుత్తు పుట్టిస్తుంది, సెల్లు అవసరం లేదు. వెలుతురు చాలకపోతే చూసే కిటికీలో ఎర్రజెండా లేచి బటన్ బిగుసుకుపోతుంది. ఫిల్ము వేయకుండానే చేయగల పరీక్ష కూడా ఇదే. ఆటోమేటిక్‌లో పెట్టి, లెన్స్‌ను అరచేత్తో మూసి నొక్కితే ఎర్రజెండా లేవాలి. కిటికీ వైపు తిప్పి నొక్కితే షట్టర్ పడాలి. రెండు చోట్లా జెండాయే లేస్తే ఘటం చచ్చినట్టే. 1960లు, 70ల నాటి మరికొన్ని కెమెరాలు 1.35 వోల్టుల పాదరస సెల్లు మీద నడిచేవి. పాదరసం విషమని వాటి తయారీ ఆగిపోయింది. అదే సైజులో దొరికే 1.5 వోల్టుల ఆల్కలైన్ సెల్లు వేస్తే మీటర్ లెక్క తప్పవచ్చు. వినికిడి యంత్రాల్లో వాడే 1.4 వోల్టుల జింక్-ఎయిర్ సెల్లు దగ్గరి ప్రత్యామ్నాయం, కానీ గాలి తగిలాక కొద్ది వారాలే పనిచేస్తుంది. ఎక్స్‌ఏ, ఎక్స్‌ఏ-2లకు చేతిగడియారాల దుకాణంలో దొరికే బొత్తాం సెల్లు రెండు చాలు. 1990ల మోటారు కెమెరాల్లో చాలావాటికి సీఆర్123ఏ అనే 3 వోల్టుల లిథియం సెల్లు కావాలి.

లెన్స్, జూమ్

1893లో ఇంగ్లండులో డెనిస్ టేలర్ మూడు కటకాలతో కుక్ ట్రిప్లెట్ లెన్స్‌ను రూపొందించారు. 1902లో జర్మనీలో కార్ల్ జైస్ సంస్థకు పాల్ రుడాల్ఫ్ నాలుగు కటకాలతో టెస్సార్ రూపొందించారు. నూరేళ్ల తర్వాత కూడా జేబు కెమెరాల్లో ఎక్కువ భాగం ఈ రెండు నమూనాల సంతతే. యాషికా టీ వరుస కెమెరాల మీద జైస్ టెస్సార్ అని రాసి ఉంటుంది. ఆ అక్షరాలకే మార్కెట్లో అదనపు ధర. కానీ నెగటివ్‌ను 36 మి.మీ. నుంచి ఆరంగుళాల ప్రింటుకు పెంచడమంటే సుమారు నాలుగు రెట్లు పెంచడం మాత్రమే. ఎఫ్/8 దగ్గర, సరిగ్గా ఫోకస్ అయిన ఫొటోలో పేరున్న టెస్సార్‌కూ పేరులేని నాలుగు కటకాల లెన్స్‌కూ తేడా ఆ ప్రింటులో కనిపెట్టడం చాలా కష్టం. తేడా తెలిసేది రంధ్రం పూర్తిగా తెరిచినప్పుడు, బొమ్మ మూలల్లో, పెద్ద ప్రింటు వేసినప్పుడు.

నాభ్యంతరం మాత్రం ప్రతి ఫొటోలోనూ కనిపిస్తుంది. రెండు మీటర్ల దూరంలో 35 మి.మీ. లెన్స్‌కు రెండు మీటర్లకు కాస్త పైన వెడల్పు పడుతుంది. 28 మి.మీ. లెన్స్ ఉన్న రికో జీఆర్1 లాంటి దానిలో రెండున్నర మీటర్లు పడుతుంది. చిన్న గదిలో కుటుంబమంతా పట్టాలంటే రెండోది, ఒకరిద్దరి ముఖాలు కావాలంటే 38 లేదా 40 మి.మీ. నయం. రెండు పనులకూ రాజీ 35.

రెండూ కావాలన్నవారి కోసమే జూమ్ వచ్చింది. 1986లో పెంటాక్స్ జూమ్ 70తో మొదలైన ఈ వరుస 1990ల చివరికి 140, 160 మి.మీ.లను కూడా అందుకుంది. జేబులో పట్టాలంటే లెన్స్ లావు పెరగకూడదు, ఇబ్బంది అక్కడే ఉంది. 35 మి.మీ. లెన్స్‌కు ఎఫ్/2.8 అంటే రంధ్రం వ్యాసం పన్నెండున్నర మి.మీ. 140 మి.మీ. దగ్గర ఎఫ్/11 అన్నా రంధ్రం దాదాపు అంతే. రంధ్రం అదే అయినా లోపలికి వచ్చే దృశ్యం పదహారో వంతే. అంత కొద్దిపాటి దృశ్యం నుంచి వచ్చిన కాంతిని అదే ఫ్రేము నిండా పరచాలి కాబట్టి ఫిల్ము మీద ప్రతి చోటా వెలుతురు పదహారో వంతుకు పడిపోతుంది. దీన్ని ఏ కంపెనీ తెలివీ తప్పించలేదు. పైగా చేతి వణుకు కూడా నాలుగు రెట్లు పెద్దదై కనిపిస్తుంది. చేత్తో పట్టుకుని తీయాలంటే షట్టర్ సమయం సెకనులో నాభ్యంతరం అంకె వంతుకు మించకూడదన్నది ఫొటోగ్రాఫర్ల పాత లెక్క. 140 మి.మీ.కు అది 1/140. ఐఎస్ఓ 100 ఫిల్ముతో ఎఫ్/11 దగ్గర ఆ వేగం మంచి ఎండలోనే దొరుకుతుంది. జూమ్ వద్దని కాదు. చవగ్గా దొరికే 38-70 లాంటి పొట్టి జూమ్, ఐఎస్ఓ 400 ఫిల్ముతో పగటిపూట చక్కగా పనిచేస్తుంది. ఎక్కువ ఫొటోలు ఇంట్లో, సాయంత్రం తీసేవారికి మాత్రం ఒకే నాభ్యంతరం ఉన్న ఎఫ్/2.8 లేదా ఎఫ్/3.5 లెన్సే తగినది.

ఫ్లాష్, చూసే కిటికీ

ఫ్లాష్ వెలుతురు దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు తగ్గుతుంది. ఫ్లాష్ బలాన్ని చెప్పే అంకెను గైడ్ నంబరు అంటారు. దాన్ని ఎఫ్ సంఖ్యతో భాగిస్తే ఫ్లాష్ చేరే దూరం మీటర్లలో వస్తుంది. గైడ్ నంబరు 11 ఉన్న ఫ్లాష్, ఎఫ్/3.5 లెన్స్‌తో ఐఎస్ఓ 100 ఫిల్ము మీద మూడు మీటర్లకు కాస్త పైన, 400 మీద ఆరు మీటర్లకు పైన చేరుతుంది. పెళ్లి పందిరిలో వెనక వరుస నుంచి వేదిక మీదికి ఫ్లాష్ వేస్తే ముందు కూర్చున్నవారి తలలే తెల్లగా పడేది అందుకే. కెమెరా చిన్నది కావడం వల్ల ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది. ఆ కాంతి కనుపాప లోంచి పోయి, రక్తనాళాలతో నిండిన కంటి వెనక పొర మీద పడి, నేరుగా లెన్స్‌లోకి తిరిగొస్తుంది. ఎర్రకళ్లకు కారణం అదే. ముందుగా చిన్న మెరుపులు మెరిపించి కనుపాపను కుదించడం కొంత మేలు చేస్తుంది, పూర్తిగా కాదు.

ఫ్లాష్‌ను ఆపగలిగే మీట ఎంత అవసరమో, బలవంతంగా వెలిగించే మీట కూడా అంతే అవసరం. మధ్యాహ్నం ఎండలో కళ్ల గుంతల్లో పడే నల్లటి నీడలను ఆ కొద్దిపాటి మెరుపు తీసేస్తుంది. లెన్స్ లోపలే ఉండే రెక్కల షట్టర్ ఎంత కొద్దిగా తెరుచుకున్నా ఫ్రేమంతటికీ ఒకేసారి వెలుతురు ఇస్తుంది కనుక పట్టపగలు కూడా ఫ్లాష్ ఫ్రేమంతా సమంగా పడుతుంది. పాత ఎస్‌ఎల్ఆర్‌ల తెర షట్టర్లు ఎక్కువ వేగాల దగ్గర అలా చేయలేవు. ఎంచుకున్న అమరిక గుర్తుండటం వేరే విషయం. మ్యూ-2 మూత మూసి తెరిచిన ప్రతిసారీ ఆటో ఫ్లాష్‌కు తిరిగొచ్చేస్తుంది. ఫ్లాష్ ఇష్టంలేనివారు ప్రతిసారీ బటన్లు నొక్కాలి. ఎక్స్‌ఏ, ఎక్స్‌ఏ-2లకు ఫ్లాష్ పక్కన విడిగా తగిలించే ముక్క. తీసేస్తే ఇక వెలగదు.

చూసే కిటికీ లెన్స్‌కు పైన, పక్కన ఉంటుంది కనుక దగ్గరి వస్తువులను తీసేటప్పుడు కన్ను చూసినదీ ఫిల్ము చూసినదీ ఒకటి కాదు. కిటికీలో దగ్గరి గీతలు విడిగా ఉంటే వాటిని పాటించాలి. కళ్లజోడు ఉన్నవారు కొనేముందు కన్ను పెట్టి నాలుగు మూలలూ కనిపిస్తున్నాయో లేదో చూసుకోవాలి.

పాతదైతే

ఇప్పుడు దొరికే మంచి జేబు కెమెరాల్లో ఎక్కువ భాగం పాతికేళ్లు దాటినవే. ముందు చూడాల్సింది ఏ ఫిల్ము పడుతుందన్నది. అటక మీద దొరికిన చిన్న కెమెరా 110 రకం కావచ్చు. దాని ఫ్రేము 13×17 మి.మీ. మాత్రమే, రీళ్లు అరుదు, కడిగేవారు మరీ అరుదు. 1996లో వచ్చిన కానన్ ఇక్సస్ చూడముచ్చటగా ఉంటుంది కానీ అది ఏపీఎస్ ఫిల్ము కెమెరా. ఆ ఫిల్ము తయారీ 2011లోనే ఆగిపోయింది.

తర్వాత బూజు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల తేమలో తోలు సంచిలో ఏళ్ల తరబడి పెట్టిన లెన్స్ మీద బూజు సాలెగూడులా అల్లుకుంటుంది, కొన్నాళ్లకు పూతను తినేసి గాజు మీద మచ్చ వేస్తుంది. వెనక తలుపు తెరిచి, నొక్కినంతసేపూ షట్టర్‌ను తెరిచి ఉంచే బీ అమరిక ఉంటే దాన్ని వాడి, టార్చి వెలుగులో లెన్స్‌ను చూడాలి. తలుపు అంచుల్లో ఉండే నల్లటి స్పాంజి వేలికి జిగురుగా అంటితే వెలుతురు లోపలికి కారుతున్నట్టే. అది మార్చడం చవక, తేలిక. మోటారు, ఎలక్ట్రానిక్స్ పాడైతే తేలిక కాదు. వంగే రిబ్బను తీగలు లెన్స్ ముందుకూ వెనక్కూ కదిలిన ప్రతిసారీ మడతపడి చివరకు తెగుతాయి, విడిభాగాలు తయారుకావడం లేదు. కాంటాక్స్ టీ2, నికాన్ 35టీఐ లాంటి టైటానియం ఒంటి కెమెరాలకూ ఈ విషయంలో మినహాయింపు లేదు. బయటి లోహం గట్టిది, లోపలి తీగ మాత్రం అన్నిటిదీ ఒకటే. పెద్ద మొత్తం పెట్టేముందు బాగుచేయగల మెకానిక్ ఎవరో తెలుసుకోవడం లెన్స్ పేరు కన్నా ముఖ్యం. ఇంట్లో విప్పి చూసే ప్రయత్నం చేయకూడదు. ఫ్లాష్ కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా విద్యుత్తు సెల్లు తీసేశాక కూడా నిలిచి ఉంటుంది.

కొత్తదే కావాలంటే దారులు తక్కువ. 2022 నాటి కొడాక్ ఎక్టార్ హెచ్35, 2024 నాటి పెంటాక్స్ 17 రెండూ సగం ఫ్రేము కెమెరాలు. 36 ఫొటోల రీలు మీద 72 వస్తాయి. ఫిల్ము ధర ఇప్పుడున్న స్థితిలో అది చిన్న లాభం కాదు. నెగటివ్ వైశాల్యం సగమే కనుక అదే ప్రింటుకు ఎక్కువ పెంచాలి, రేణువులు పెద్దవిగా కనిపిస్తాయి. మొదటిది ప్లాస్టిక్ లెన్స్‌తో స్థిర ఫోకస్. రెండోది గాజు లెన్స్‌తో, ఆరు మండలాలతో, మీటర్‌తో పనిచేస్తుంది. తొలిసారి ఫిల్ము పట్టేవారికి ఇంట్లో పనిచేసే స్థిర ఫోకస్ కెమెరా ఉంటే అదే చాలు. నేర్చుకుంటూ వాడాలనుకునేవారికి ఎక్స్‌ఏ-2, ట్రిప్ 35 తగినవి. అయితే ట్రిప్ చొక్కా జేబుకు బరువే. పరుగెత్తే పిల్లల వెంట పడేవారికి, 135 గ్రాముల మ్యూ-2 లాంటి ఆటోఫోకస్ కెమెరా దాని దుడుకు ఫ్లాష్‌తో సహా ఉపయోగపడుతుంది.

మొదటి రీలు

కెమెరా ఏదైనా మొదటి రీలును పరీక్షకే కేటాయించాలి. ఎండలో దూరపు దృశ్యం, నీడలో మనిషి, ఒకటిన్నర, రెండు, మూడు, ఐదు మీటర్ల దూరాల్లో ఒకే మనిషి, గదిలో ఫ్లాష్‌తో ఒకటి, ఫ్లాష్ లేకుండా ఒకటి, ఇద్దరి మధ్య సందుతో ఒకటి, తెల్లగోడ ముందు ఒకటి తీసి, ప్రతి ఫొటోకూ దూరం రాసుకోవాలి. కడిగించాక స్కానుల కంటే నెగటివ్‌లనే ముందు చూడాలి, ఎందుకంటే ల్యాబు యంత్రం ఎక్స్‌పోజర్ తప్పులను సరిచేసి చూపిస్తుంది. అన్ని ఫ్రేములూ పలుచగా ఉంటే మీటర్ బలహీనం, లేదా డీఎక్స్ ముళ్లు ఫిల్మును తప్పుగా చదివాయి. దగ్గరి ఫొటోలు మసకగా, దూరానివి స్పష్టంగా ఉంటే ఫోకస్ మోటారు అనంతం దగ్గరే ఆగిపోతోంది. మనిషి కాక వెనక గోడ స్పష్టంగా ఉంటే తప్పు వాడేవారిది. ఫ్రేముల మధ్య ఎడం ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ ఉంటే ఫిల్మును లాగే చక్రం జారుతోంది. ఫ్రేము దాటి అంచు దాకా పాకిన మచ్చలు కారిన వెలుతురువి. రీలంతా ఖాళీగా వస్తే అంచున చూడాలి. అక్కడ ఫ్యాక్టరీలో వేసిన పేరు, అంకెలు కనిపిస్తే కడగడంలో లోపం లేదు, ఫిల్ము కండెకు తగులుకోలేదు లేదా షట్టర్ తెరుచుకోలేదు. ఆ అక్షరాలు కూడా లేకపోతే లోపం ల్యాబులోనే ఉంది. కెమెరాను పక్కన పెట్టకుండా మరో రీలు వేసి, వేరే చోట కడిగించాలి.